మూడో పిన్ను కథ



కోలారు ప్రాంతంలో, తెలుగూ కన్నడమూ రెండూ వినిపించే ఊళ్ళో నేను బడిపంతులుగా పనిచేస్తున్నాను. ఆ మధ్య మా ఇంటి తలుపు బాగుచేయడానికి నా పాత విద్యార్థి ఒకడు వచ్చాడు. వడ్రంగం వాళ్ళ తాతల నాటి వృత్తి. తాత చేతిలో బరమా ఉండేది. కన్నడంలో దాన్నే బైరిగె అంటారు. మనవడి చేతిలో ఇనుప ఒంటి పాత కరంటు డ్రిల్లు. దాని తీగకు ప్లగ్గు లేదు. రెండు కొసలు ఒలిచి సాకెట్టు రంధ్రాల్లో దూర్చి, అగ్గిపుల్లలు బిగించాడు. మూడో తీగను ఎప్పుడో కత్తిరించేశాడు. నేను వద్దనేలోపే షాకు కొట్టింది. పడిపోతూ తీగను లాగాడు కాబట్టి అగ్గిపుల్లలు ఊడి, ప్రాణం దక్కింది.

తేరుకున్నాక అతడు అడిగిన మాట ఇది: "అయ్యవారూ, ఆ మూడో తీగ లేకపోయినా డ్రిల్లు తిరుగుతుంది కదా! మరెందుకది?"

ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. ఈనాటి ప్రసంగం దాని గురించే.

మా ప్రాంతానికి కరంటు కొత్త కాదు. 1902లోనే శివనసముద్రం జలవిద్యుత్తు 92 మైళ్ళు తీగలమీద ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. అంతకు ముందే 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నులో ఆర్నాట్, బ్రెయిన్ అనే ఇద్దరు విద్యుత్ డ్రిల్లుకు పేటెంటు పొందారు. 1895లో జర్మనీలోని స్టుట్‌గార్టులో ఫైన్ సంస్థ చేత పట్టుకునే డ్రిల్లును తయారుచేసింది. పిస్తోలు వంటి పిడి, వేలితో నొక్కే మీట ఉన్న డ్రిల్లుకు అమెరికాలో బ్లాక్, డెక్కర్ అనే మిత్రులు 1917లో పేటెంటు పొందారు. వేలు తీస్తే యంత్రం ఆగిపోతుంది. ఆ మీటను తాడుతో కట్టేసి పనిచేసేవారిని నేను చూశాను. చేయి జారినప్పుడు ఆగవలసిన యంత్రం అప్పుడిక ఆగదు.

ఆ తొలి డ్రిల్లుల ఒళ్ళంతా లోహమే. లోపలి తీగ పైపొర చెడి ఒంటికి తగిలిందంటే, పట్టుకున్న మనిషే కరంటుకు దారి అవుతాడు. ఆ కరంటుకు వేరే సులువైన దారి చూపించడమే ఎర్తు తీగ పని. మన మూడు పిన్నుల ప్లగ్గును గమనించండి. ఎర్తు పిన్ను తక్కిన రెండింటికంటే పొడవు, లావు. అది అన్నిటికన్నా ముందు తగులుతుంది, అన్నిటికన్నా చివర విడుతుంది. మోటారు తిరగడానికి అది అక్కరలేదు. మనిషి బ్రతకడానికే అది ఉంది.

"ఫ్యూజు ఉంది కదా" అంటారు కొందరు. ఫ్యూజు తీగల్ని కాపాడేది. 5 ఆంపియర్లు దాటితే గాని 5 ఆంపియర్ల ఫ్యూజు కరగదు. మనిషికి అందులో నూరోవంతు కూడా ప్రాణాపాయం కావచ్చు. అందుకే చార్లెస్ డాల్జియెల్ అనే అమెరికా ఆచార్యుడు, కొద్దిపాటి కరంటు దారి తప్పినా సరఫరాను ఆపే సాధనాన్ని 1961లో రూపొందించాడు. మన ఇళ్ళలో 30 మిల్లీ ఆంపియర్లకు పనిచేసే ఆర్‌సీసీబీ ఆ కోవలోదే. దాని మీద ఉన్న పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి చూడండి.

కొన్ని కొత్త డ్రిల్లులకు రెండు పిన్నులే ఉంటాయి. వాటి మీద చదరంలో చదరం గుర్తు ఉంటే, లోపల రెండు వరుసల రక్షణ పొర ఉన్నట్టు. ఆ గుర్తు లేనిదానికి మూడో పిన్ను ఉండి తీరాలి.

ఇక బ్యాటరీ సంగతి. నిప్పు ప్రమాదం తప్పించడానికి కూడా బ్యాటరీని వాడారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. బొగ్గు గనుల్లో మంట దీపానికి మీథేను వాయువు అంటుకుని ఎందరో చనిపోయేవారు. 1914 ప్రాంతంలో ఎడిసన్, తిరిగి ఛార్జి చేసుకునే బ్యాటరీని నడుముకూ దీపాన్ని టోపీకీ అమర్చి గని కార్మికుల చేతికిచ్చాడు.

1961లో నికెల్-కాడ్మియం బ్యాటరీతో తీగలేని డ్రిల్లు వచ్చింది. 1971లో అపోలో-15 యాత్రికులు బ్యాటరీ డ్రిల్లుతోనే చంద్రుడి నేలను తొలిచారు. తేలికైన లిథియం మీద శాస్త్రజ్ఞుల దృష్టి పడింది. తొలి ప్రయత్నాల్లో లోహరూపంలోని లిథియం నిప్పు పుట్టించింది. దాన్ని వదిలి, లిథియం-అయాన్ పద్ధతితో 1991లో సోనీ సంస్థ బ్యాటరీలు అమ్మకానికి తెచ్చింది. దానికి దారి వేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ బ్యాటరీ లోపల రెండు ధ్రువాల మధ్య ఉండేది వెంట్రుక కన్నా పలచని ప్లాస్టిక్ తెర. దెబ్బ తగిలినా, మితిమీరి ఛార్జి చేసినా ఆ తెర పాడై, వేడి పుట్టి, ఆ వేడే మరింత వేడిని పెంచుతుంది. సాధారణంగా ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకుండా కావలి కాసేది దాని ఛార్జరు. అందుకే ప్లగ్గు పట్టింది కదా అని వేరే ఛార్జరు తగిలించకండి. ఎండలో మరిగిన బ్యాటరీని చల్లారనిచ్చాకే ఛార్జి చేయండి. పరుపు మీద, రంపపు పొట్టులో, అందరూ నిద్రపోయే వేళ ఛార్జికి పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీని, నీళ్ళలో పడినదాన్ని ఇక వాడకండి, విప్పకండి, చెత్తబుట్టలో వేయకండి. 2022లో మన దేశంలో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. బిట్టు మార్చేటప్పుడు బ్యాటరీని ఊడదీయడం మరవకండి.

నా విద్యార్థి ఇప్పుడు తీగలేని డ్రిల్లు కొన్నాడు. దానితో వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉందని మడిచి పెట్టెలో పడేశాడు. ఒక ఆదివారం నేను దాన్ని అతనికి తెలుగులోనూ, అతని దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి కన్నడంలోనూ చదివి వినిపించాను. పాత డ్రిల్లుకు కొత్త తీగ, మూడు పిన్నుల ప్లగ్గు అతనే బిగించాడు. అది చూసి ఆ కుర్రాడు, "ఇది లేకపోయినా తిరుగుతుంది కదన్నా?" అని అడిగాడు.

"తిరుగుతుందిరా. మనమే ఉండం," అన్నాడు నా విద్యార్థి.

మీ ఇంట్లో కూడా మూడో పిన్ను విరిగిన ప్లగ్గు ఏదైనా ఉందేమో, ఈ రోజే చూడండి. సెలవు.