మబ్బులోకి వెళ్లే ముందు



ఊరికి బయలుదేరి బస్సెక్కాక, ఇంటికి తాళం వేశామా లేదా అని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? రోజూ చేసే పనినే మనం మరిచిపోతుంటాం. ఆకాశంలో ఎగిరేవారికీ ఈ మరపు తప్పదు. దానికి విరుగుడుగా వచ్చిందే చెక్‌లిస్టు, అంటే తనిఖీ పట్టిక.

1929 సెప్టెంబరు 24న అమెరికాలో జేమ్స్ డూలిటిల్ అనే పైలట్, బయటి ప్రపంచం కనబడకుండా కాక్‌పిట్‌ను కప్పేసుకుని, కేవలం పరికరాలను చూస్తూ విమానాన్ని లేపి, తిప్పి, దించాడు. దారి కనబడకపోయినా ఎగరవచ్చని దానితో తేలింది.

ఆరేళ్ల తర్వాత, 1935 అక్టోబరు 30న, ఒహాయో రాష్ట్రంలోని రైట్ ఫీల్డులో బోయింగ్ 299 అనే నాలుగింజన్ల విమానం పైకి లేచిన కొద్దిసేపటికే కూలిపోయింది. నడిపిన మేజర్ ప్లోయర్ హిల్ ఆరితేరిన పైలట్. అయినా, నేలమీద గాలికి తోకభాగం కదలకుండా వేసే బిగింపును ఎవరూ తీయలేదు. ఆయనతోపాటు లెస్లీ టవర్ అనే మరో పైలట్ కూడా మరణించాడు. అప్పుడు సైనిక పైలట్లు చేయవలసిన పనులను వరుసగా కార్డుమీద రాసుకున్నారు. ఆ విమానమే తర్వాత బి-17 పేరుతో 12,000కు పైగా తయారైంది.

హెలికాప్టర్‌లో ఈ అవసరం మరీ ఎక్కువ. ఆటోపైలట్ లేకపోతే దానిని క్షణమైనా వదలడానికి వీల్లేదు. మబ్బులో మన చెవి లోపలి భాగం మోసం చేస్తుంది. పక్కకు ఒరుగుతున్నా నిటారుగా ఉన్నట్టే తోస్తుంది. అందుకే ఇంధనం, రేడియో, ఎత్తు చూపే మీటరు, ఒరుగుడు చూపే పరికరం, ఇవన్నీ మబ్బు చేరకముందే సరిచూసుకోవాలి.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలి ఐదుగురు మరణించిన సంగతి మీకు తెలిసిందే. బలమైన గాలి కిందికి నెట్టడంతో అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. చివరి నిమిషాల్లో పైలట్లు గేర్‌బాక్సు ఆయిలు ఒత్తిడి గురించి పుస్తకంలో వెతుకుతూ ఉండిపోయారని, బయటి వాతావరణంమీద తగినంత దృష్టి పెట్టలేదని కూడా చెప్పింది.

పుస్తకం చేతిలో ఉండటం ఒక్కటే చాలదని దీనివల్ల తెలుస్తోంది. కావలసిన పేజీ వెంటనే దొరకాలి. ఒకరు పుస్తకం చూస్తుంటే మరొకరి చూపు పరికరాలమీదా, ఆకాశంమీదా నిలవాలి. అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి తిరగడం కూడా పట్టికలో ఒక వరుసగా ఉండాలి.