సస్పెండ్‌లో వైర్‌లెస్: విద్యుత్ నిర్వహణ చరిత్ర

కంప్యూటర్ నిద్రలోకి జారుకునేటప్పుడు వై-ఫై, బ్లూటూత్ చిప్‌లకు కరెంటు తగ్గించడం లేదా ఆపేయడం, లేచేటప్పుడు వాటిని మళ్లీ పనిలోకి దించడం ఈ నిర్వహణలోని పని. దీనిపై పెత్తనం ఎవరిదన్న తగువే దీని చరిత్రలో ఎక్కువ భాగం.

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం పద్ధతిలో పెత్తనమంతా మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ అయిన బయోస్‌ది. 1996 డిసెంబరులో తోషిబాతో కలిసి అవే సంస్థలు వెలువరించిన ఏసీపీఐ ఆ పెత్తనాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించింది. ర్యామ్‌కు తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోయే ఎస్3 నిద్ర, పరికరాలకు డీ0 (పూర్తి మెలకువ) నుంచి డీ3 (ఆపివేత) దాకా దశలు ఇందులోవే. 2003 మార్చిలో వచ్చిన ఇంటెల్ సెంట్రినోతో ల్యాప్‌టాప్‌లో వై-ఫై మామూలైపోయింది. మూత తెరిస్తే నెట్‌వర్క్ రాదన్న గోల కూడా దానితోపాటే పెరిగింది.

చాలా వై-ఫై చిప్‌లు తమను నడిపే ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేర్‌ను, దాచుకోలేవు. డ్రైవర్ డిస్క్ నుంచి తెచ్చి ఎక్కించాలి. కరెంటు పోతే అదీ పోతుంది. లేచే వేళ డ్రైవర్ ఆ ఫైలు అడిగేసరికి, లినక్స్‌లో దాన్ని అందించాల్సిన ప్రోగ్రాములు ఇంకా స్తంభించే ఉండేవి. అందుకే నిద్రకు ముందు డ్రైవర్ మాడ్యూల్‌ను పీకేసి, లేచాక మళ్లీ ఎక్కించేవారు. నిద్ర, మేలుకొలుపు పనులు చూసే పీఎం-యుటిల్స్ స్క్రిప్టుల్లో ఇందుకు ప్రత్యేకంగా ఒక అమరికే ఉండేది. మొరటు పద్ధతే, కానీ చాలామందికి అదే గట్టెక్కించింది. 2012 డిసెంబరులో విడుదలైన లినక్స్ 3.7 నుంచి దాని కేంద్ర భాగమైన కెర్నల్ పడుకోకముందే ఫర్మ్‌వేర్‌ను మెమరీలో ఉంచుకోవడం నేర్చింది.

రేడియోను ఆపే స్విచ్‌లది వేరే పేచీ. ఈ అడ్డుల లెక్క చూసుకునేందుకు 2007లో లినక్స్ కెర్నల్‌లో చేరిన ఆర్‌ఎఫ్‌కిల్‌ను 2009లో తిరగరాశారు. ఇందులో సాఫ్ట్‌వేర్ వేసిన అడ్డును సాఫ్ట్‌వేరే తీయగలదు. ల్యాప్‌టాప్ అంచున ఉన్న స్విచ్‌తో వేసిన అడ్డును తీయలేదు. యంత్రం నిద్రలో ఉండగా ఎవరైనా ఆ స్విచ్ జరిపితే పాత లెక్క చెల్లదు. లేవగానే స్విచ్ ఎటు ఉందో మళ్లీ చూసుకోవాల్సిందే.

నిద్రలోనూ పిలుపు వినాలన్న కోరికతో పని ఇంకా చిక్కుపడింది. నిద్రలోని యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి లేపే వేక్-ఆన్-ల్యాన్ మ్యాజిక్ ప్యాకెట్ సారం 102 బైట్లే: 6 ఎఫ్ఎఫ్ బైట్లు, ఆపై 16 సార్లు పరికరం చిరునామా. తీగ ఉంటే చిప్ చెవి ఒగ్గి కూర్చుంటే చాలు. వై-ఫైలో అలా కుదరదు. రూటర్‌తో బంధం తెగకూడదు, అది పంపే బీకన్ సంకేతాలు వింటూ ఉండాలి, రూటర్ అందరికీ ఉమ్మడిగా ఉండే గ్రూప్ కీ మార్చినప్పుడల్లా జవాబివ్వాలి. ప్రాసెసర్ పడుకుంది కనుక ఆ జవాబు చిప్‌లోని ఫర్మ్‌వేరే ఇవ్వాలి. 2011లో లినక్స్ ఈ ఏర్పాట్లకు చోటు కల్పించింది. అలా పెత్తనంలో కొంత చిప్‌కు చేరింది.

2012లో విండోస్ 8 కనెక్టెడ్ స్టాండ్‌బైతో, తర్వాత విండోస్ 10 మోడర్న్ స్టాండ్‌బైతో ఎస్3 పక్కకు జరిగింది. నేటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఎస్3 అసలు లేదు. నిజానికి ఈ స్టాండ్‌బై నిద్ర కాదు, కునుకు. ఒక్క వై-ఫై డ్రైవర్ మొరాయించినా యంత్రం లోతైన పొదుపులోకి దిగదు. బ్యాగులో వేడెక్కుతూ బ్యాటరీని తాగేస్తుంది. విండోస్‌లో దొంగను పట్టుకోవడానికి స్లీప్‌స్టడీ నివేదిక ఉంది: ఏ పరికరం ఎంతసేపు మేలుకుందో అందులో కనిపిస్తుంది.