యానాం రేవులో రెండు పిలుపులు

ఉద్యోగం దొరకని వాని కష్టం అందరికీ తెలిసినదే. రెండు ఉద్యోగాలు ఒకేసారి ఎదురైన వాని కష్టం చెప్పుకొంటే వినేవారు అరుదు, పైగా నవ్విపోతారు. చదువు ముగించుకొని మొదటిసారి కొలువు వెదకుకొనే యువకునికి ఒకచోటు నుండి నియామకపత్రం వస్తుంది. మూడు రోజులలో సమ్మతి తెలుపవలెనని అందులో ఉంటుంది. అతడు ఎక్కువ ఆశ పెట్టుకొన్న రెండవచోట ఫలితం పదిహేను రోజులకు గాని తేలదు. చేతికందినది జారవిడువవద్దని తండ్రి అంటాడు. తొందరపడవద్దని మేనమామ అంటాడు. ఇది ఈనాటి చిక్కు అని మనం అనుకొంటాము గాని, గౌతమీ తీరాన యానాం రేవులో దీనికి రెండు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది.

గౌతమి నుండి కోరంగి పాయ చీలే చోట 1723లో ఫ్రెంచివారు వర్తకశాల నెలకొల్పినారు. కాలక్రమాన చుట్టూ ఇంగ్లీషువారి ఏలుబడి, నడుమ ఈ చిన్న ఊరిలో ఫ్రెంచివారి జెండా నిలిచినవి. ఆ పాయ వెంబడి కొద్ది మైళ్ళు పోతే ఇంగ్లీషువారి కోరంగి రేవు. రెండు దొరతనాలు, రెండు రేవులు పక్కపక్కన ఉన్నచోట కూలివానికైనా, గుమాస్తాకైనా రెండు వైపుల నుండీ పిలుపులు రావడం సహజమే.

1828లో 'తుర్క్వాజ్' అనే ఓడ పదునైదుగురు తెలుగు కూలీలను యానాం నుండి బూర్బాన్ దీవికి చేర్చినది. ఆ దీవినే నేడు రెయూనియన్ అంటున్నారు. కలకత్తా నుండి 'అట్లాస్' ఓడ కూలీలతో మారిషస్ చేరినది 1834లో. అంటే ఒప్పందపు కూలీల చరిత్రలో మన యానాం పేరు ఆరేండ్లు ముందే చేరినదన్నమాట. ఇది గర్వించదగిన విషయమో కాదో శ్రోతలే నిర్ణయించుకోవలెను.

ఆ తరువాత వచ్చిన 1833 కరవు, 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన ఈ సీమను పీల్చి పిప్పి చేసినవి. ఆ రోజులలో పనికి ఎంపిక అన్న మాటే లేదు; దొరికినదే పని. రెండు దారులు ఒకేమారు తెరుచుకొన్నది 1840ల చివరి భాగంలో. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని ఆరంభించినాడు. 1852లో అది ముగిసినది. వేలకొద్ది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు అక్కడ కావలసి వచ్చినారు. సరిగా అదే కాలాన, 1848లో, ఫ్రెంచి ప్రభుత్వం తన వలసలలో బానిసత్వాన్ని రద్దు చేసినది. చెఱకు తోటల యజమానులకు చేతులు కరవైనవి. మారిషస్‌కు అంతకు ముందే, 1842లో, వలస మళ్ళీ అనుమతింపబడినది. కోరంగి పేరే పెట్టుకొన్న 'కోరింగీ ప్యాకెట్' అనే ఓడ 1843లో తెలుగువారిని అక్కడికి తీసుకొని పోయినది.

డెల్టాలో ఒక పల్లె యువకుని తలచుకొందాము. ఒక వైపు ఇంటికి రెండు మూడు రోజుల నడకలో ధవళేశ్వరం: పలుగు, పార, మట్టితట్ట, ఏ రోజు కూలి ఆ రోజుకు. మరొక వైపు సముద్రం: అయిదేండ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయలు, తిండి, బట్ట. లెక్క వేస్తే అరవై నెలలకు మూడు వందల రూపాయలు! ఆనకట్ట కూలి ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. ఇది అయిదేండ్లు ఖాయం. కాగితం మీద సముద్రమే గెలిచినది.

ఐతే కాగితం మీద లేనిది, ఉన్నా మేస్త్రీ చదివి వినిపించనిది మరికొంత ఉన్నది. మారిషస్ తోటలలో ఒక రోజు పని మానితే రెండు రోజుల కూలి కోసివేసే వారు. జ్వరంతో పడుకొన్న దినాలు గూడ ఆ మూడు వందలను కొరుకుతూ ఉండేవి. గడువు తీరినవానికి తిరుగు ప్రయాణం ఉచితమన్న ఏర్పాటును 1850ల తొలిభాగంలో తొలగించినారు. ఇటు ధవళేశ్వరంలో తట్ట మోసినవానికి అయిదేండ్ల ఆశ ఎవరూ చూపలేదు. కాని ఆనకట్ట లేచి కాలువలు పారిన తరువాత డెల్టా పొలాలలో ఏటేటా ఊడ్పులు, కోతలు నిలుకడగా దొరికినవి. ఆ లాభం ఏ పత్రంలోనూ వ్రాసి లేదు. మొదటి రోజున రెండు పనులను కూలి లెక్కతో మాత్రమే పోల్చిన వానికి ఈ రెండు సంగతులూ కనబడవు.

పోయినవారు తెలివితక్కువవారని మేము అనబోము. మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టే సంచకారం చాలా ఇండ్లలో సాయంకాలానికి షావుకారు పెట్టెలోకి చేరి ఉంటుంది. ఆ సొమ్ము పుచ్చుకొన్నవాడు మరునాడు ధవళేశ్వరం పిలుపు విన్నా కదలలేడు. ముందు వచ్చిన పని మేలైనది కానక్కర లేదు. అది ముందు వచ్చినది, అంతే. సంచకారం చేసే పని ఎదుటివానికి ఆలోచించే వ్యవధి లేకుండా చేయడం. ఈనాటి 'మూడు రోజులలో సమ్మతి' గూడ ఆ జాతిదే.

ఈ వ్యవధి ఎంత విలువైనదో దొరతనాలకు ఆలస్యంగానైనా తెలిసినది. 1861 జూలై 1వ తేదీన ఇంగ్లండు, ఫ్రాన్సు ప్రభుత్వాలు ఒక ఒడంబడిక చేసుకొన్నవి. దాని ప్రకారం ఫ్రెంచి రేవులలో కూలీలు ఓడ ఎక్కకముందు ఇంగ్లీషువారి ప్రతినిధి వారిని విచారించవలెను: తన ఇష్టంతోనే పోతున్నాడా, ఒప్పందం ఎట్టిదో ఎరుగునా, పోయే చోటు, ప్రయాణానికి పట్టే కాలం తెలుసునా అని. ఒప్పందం అయిదేండ్లకు మించరాదు. గడువు తీరినవానికి తిరుగు ప్రయాణం ఉచితం. ఇవన్నీ అక్షరాలా అమలైనవని మేము చెప్పము. అమలై ఉంటే 1877లో రెయూనియన్‌కు రెండు దేశాల విచారణ సంఘం పోవలసిన పని ఉండేది కాదు. 1882లో ఆ వలసను ఇంగ్లీషువారు నిలిపివేయవలసిన అవసరమూ వచ్చేది కాదు. అయినప్పటికీ ఆ ప్రశ్నలు మంచి ప్రశ్నలు. నేడు రెండు పత్రాలు చేతబట్టుకొన్న కుర్రవాడు సంతకానికి ముందు తన్ను తాను అడుగుకోదగినవి అవే. జీతం ఎంత అన్నది వాటిలో ఒకటి మాత్రమే. ఎన్నాళ్ళకు కట్టుబడుతున్నాను, మధ్యలో మానితే ఏమి పోగొట్టుకొంటాను అన్నవి గూడ ఉన్నవి. తెలియనిది వ్రాసి అడుగవచ్చును; గడువు పొడిగించుమని కోరవచ్చును. మర్యాదగా అడిగినవానికి దక్కకుండా పోయే ఉద్యోగాలు మనం భయపడినన్ని ఉండవు. ఒకచోట ఒప్పుకొని రెండవచోటి కోసం లోలోపల ఎదురు చూడడం మాత్రం వేరు విషయం. వదలుకొన్నచోటికి ఆ సంగతి వెంటనే తెలిపితే, అక్కడ వరుసలో ఉన్న మరొక నిరుద్యోగికి పిలుపు అందుతుంది.

చదువుకొన్నవారి సంగతికి వద్దాము. 1870ల తొలినాళ్ళలో కోరంగి ఇంగ్లీషు పాఠశాలకు ఒక యువకుడు ప్రధానోపాధ్యాయుడుగా వచ్చినాడు. ఆయన కందుకూరి వీరేశలింగం. ఆ కాలంలో ఇంగ్లీషు చదివి పరీక్షలో నెగ్గినవానికి కచేరీ ఉద్యోగమే పెద్ద ఉద్యోగం. ఆయన గూడ మొదట అటే చూచినాడు. అక్కడి లంచాల సంగతి తెలిసి విరమించుకొన్నాడు. న్యాయవాద వృత్తిని తలచి, అసత్యం ఆడక తప్పదని దానినీ మానుకొన్నాడు. మిగిలినది బడిపంతులు పని. మా తండ్రుల తరంలో గూడ ఇంట్లో ఎవరైనా ఇట్లా చేసి ఉంటే నాలుగు రోజులు పొయ్యి వెలిగేది కాదేమో! కోరంగిలో రెండేండ్లు పనిచేసి, 1874లో ధవళేశ్వరం బడికి పోయినాడు. ఆ ఏడే అక్కడ 'వివేకవర్ధని' పత్రికను ఆరంభించినాడు, బాలికలకు పాఠశాల పెట్టినాడు. కచేరీలో చేరి ఉంటే ఆయన ఏమయ్యే వాడో ఊహించడం మా పని కాదు. ఆయన రెండు పనులను పక్కపక్కన పెట్టి జీతం చూడక ముందే, ఆ కుర్చీలో కూర్చొన్నవాడు నిత్యం ఏమి చేయవలసి ఉంటుందో చూచినాడు. మేము గమనించినది అంతే.

యానాంలో పుట్టిన పిల్లవానికైతే ఈ ఎంపిక బడిలోనే మొదలయ్యేది. ఫ్రెంచి చదివితే దారి పుదుచ్చేరికి, అక్కడి నుండి ఫ్రెంచి కొలువులకు. ఇంగ్లీషు చదివితే దారి కాకినాడకు. ఫరంపేటకు చెందిన దడాల రఫేల్ రమణయ్య మొదటి దారిన పోయి పుదుచ్చేరి పోలీసు శాఖలో అధికారి అయినాడు. తుదకు ఆ కొలువు విడిచి విలీనోద్యమంలో నిలిచినాడు. 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన అంతమైనది. ఆ ఏడు నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పరిపాలన భారత ప్రభుత్వానికి సంక్రమించినది.

అప్పటికి కొలువులో ఉన్నవారి విషయంలో 1956 మే 28 నాటి ఒప్పందం ఉదారంగానే ఉన్నది. ఫ్రాన్సు దేశపు శ్రేణులకు చెందిన వారు తప్ప తక్కిన ఉద్యోగులందరినీ భారత ప్రభుత్వం తీసుకొన్నది. జీతం, సెలవు, పింఛను వెనుకటివలెనే ఉండునని మాట ఇచ్చినది. ఇంకా కొలువులోకి రాని కుర్రవాని మాట వేరు. ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చినది. అక్కడ పుట్టి అక్కడే నివసించే ఫ్రెంచి పౌరులు ఆనాటి నుండి భారత పౌరులు. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోదలచిన వారు ఆరు నెలలలో వ్రాతమూలకంగా తెలుపవలెను. మేస్త్రీ సంచకారంతో పోల్చితే ఆరు నెలలంటే ఎంత వ్యవధి! కాని వ్రాయకపోవడం గూడ ఒక సమాధానమే అయినది. పదునెనిమిదేండ్లు నిండని అవివాహిత సంతానానికి తండ్రి చేసిన ప్రకటనే నిర్ణయం. ఫ్రెంచి సైన్యమా, కాకినాడలో గుమాస్తాగిరీయా అని ఆలోచిస్తున్న పదునేడేండ్ల బాలుడు ఆనాడు తన మొదటి ఉద్యోగాన్ని గూర్చి తండ్రిని బతిమాలుకోవలసినదే. పెండ్లి అయి పదునారు దాటిన మగపిల్లవానికి మాత్రం తానే వ్రాసుకొనే హక్కు ఇచ్చినారు. 1963 ఫిబ్రవరి నడుమ ఆ గడువు తీరినది. ఆనాటికి వ్రాసినవారు వ్రాసినారు, తక్కినవారు ఊరకున్నారు.