గుంపు లేచిన తేనెటీగలు ఎవరి సొత్తు?

పెరట్లో తేనెటీగలను పెంచుకొనే గృహస్థునికి పూలకాలం సంతోషాన్నీ దిగులునూ ఒక్కసారిగా తెచ్చిపెడుతుంది. పూలు విరివిగా పూస్తాయి. గూటిలో ఈగల సంఖ్య పెరిగి చోటు ఇరుకవుతుంది. అప్పుడు పనిఈగలు కొత్త రాణుల కోసం ప్రత్యేకమైన గదులు కడతాయి. కొత్త రాణి వెలువడక మునుపే పాత రాణి, గూటిలోని ఈగలలో ఇంచుమించు సగాన్ని వెంటబెట్టుకొని వెలుపలికి వస్తుంది. కడుపునిండా తేనె త్రాగి బయలుదేరిన ఆ గుంపు సమీపంలోని ఏ కొమ్మకో గుత్తిగా వ్రేలాడుతుంది. నివాసం వెదకబోయిన ఈగలు తిరిగివచ్చే దాకా, కొన్ని గంటలో ఒకటి రెండు రోజులో, అక్కడే ఉంటుంది. ఆ కొమ్మ పొరుగువాని చెట్టుదైతే? గుంపు పొరుగువాని ఖాళీ గూటిలోకే వెళ్ళి చేరితే? ఆ ఈగలు ఎవరివి?

ఇది చూడటానికి చిన్న తగాదా. కాని ఒక పేదవాని ఏడాది రాబడి, ఇద్దరు పొరుగువారి స్నేహం ఇందులో ఇమిడి ఉన్నాయి. అందుచేతనే ఇస్లామీయ ధర్మశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను అల్పమైనదిగా భావించలేదు. దివ్య ఖుర్ఆన్ 16వ సూరాకు తేనెటీగ పేరే (అన్‌నహ్ల్) వచ్చింది. కొండలు, చెట్లు, మానవులు కట్టే కట్టడాలు — ఈ మూడింటిని ఆ సూరా 68వ వాక్యం తేనెటీగ నివాసాలుగా పేర్కొన్నది. ధర్మశాస్త్ర చరిత్రలో తేనెటీగలకు సంబంధించిన తీర్పులను కూడా ఈ మూడు నివాసాల క్రమంలోనే పరిశీలించవచ్చు.

మొదటిది కొండకోన. ఇమామ్ అబూ దావూద్ (మరణం క్రీ.శ. 889) తమ హదీసు సంకలనంలో ఒక ఉదంతం ఉల్లేఖించారు. బనూ ముత్ఆన్ తెగకు చెందిన హిలాల్ అనే వ్యక్తి తన తేనెలో పదవ వంతు తెచ్చి దైవప్రవక్త (స)కు సమర్పించి, సలబా అనే లోయను తనకు రక్షిత ప్రదేశంగా ఇవ్వవలసిందని కోరాడు. ఆయన (స) అంగీకరించారు. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో (క్రీ.శ. 634–644) ఆ ప్రాంతపు అధికారి ఈ విషయమై వ్రాసి అడిగాడు. అతడు పూర్వం చెల్లించినట్లే ఉషర్ చెల్లిస్తే ఆ లోయను అతనికి కాపాడి ఇవ్వు. లేనిచో ఆ ఈగలు కేవలం వానతో వచ్చే ఈగలు, వాటి తేనె కోరినవారు తినవచ్చును అన్నది ఖలీఫా సమాధానంలోని సారాంశం.

ఆ జాబులో ఈగలను వానతో ముడిపెట్టడం గమనార్హం. వాన పడినచోట పచ్చిక, పచ్చిక ఉన్నచోట పూలు, పూలున్నచోట ఈగలు. వానపై ఎవరికీ యాజమాన్యం లేనట్లే కొండఈగలపై కూడా లేదు. వ్యక్తికి ప్రత్యేకమైన హక్కు కలిగేది రక్షణ ఏర్పడినప్పుడే. ఆ రక్షణ ప్రభుత్వం కల్పిస్తే, దానికి బదులుగా సమాజానికి చెల్లవలసిన భాగం చెల్లాలి.

తేనెపై జకాత్ ఉన్నదా లేదా అన్న చర్చ ఈ ఉదంతాన్ని ఆశ్రయించే పెరిగింది. ఈ విషయమై వచ్చిన హదీసుల ప్రామాణికతను గూర్చి హదీసువేత్తలలోనే అభిప్రాయభేదం ఉన్నది. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ తేనెపై జకాత్ లేదన్నారు. ఇమామ్ అబూ హనీఫా (మరణం 767) ఉషర్ భూమిలో లభించిన తేనె కొద్దిపాటిదైనా పదవ వంతు ఇవ్వాలన్నారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ కూడా తేనెపై జకాత్ విధి అనే అన్నారు. ఇరుపక్షాల తర్కమూ ఆసక్తికరమైనది. తేనె ఒక ప్రాణినుండి పుట్టినది కాబట్టి పట్టు వంటిదే, పట్టుపై ఉషర్ లేదు గదా అని షాఫయీ పక్షం. పట్టుపురుగు తినేది ఆకులు, ఆకులపై ఉషర్ లేదు; తేనెటీగ గ్రహించేది పూల నుండి, ఫలాల నుండి, వాటిపై ఉషర్ ఉన్నది; కనుక వాటినుండి పుట్టిన తేనెపై కూడా ఉన్నదని హనఫీ పక్షం.

రెండవ నివాసం చెట్టు. ఒకని తోటలోని చెట్టుకు ఈగలు తమంతట తామే వచ్చి పట్టు పెడితే ఆ తేనె ఎవరిది? ఈనాటికీ మన మద్రసాలలో పాఠ్యగ్రంథంగా ఉన్న ‘హిదాయా’లో బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం క్రీ.శ. 1197) దీనికి సమాధానమిచ్చారు. అడవిపక్షి ఒకని నేలలో గ్రుడ్లు పెడితే అవి మొదట తీసుకొన్నవానివి. పక్షి నేడు ఉంటుంది, రేపు ఎగిరిపోతుంది. తేనె అలా కాదు. అది ఆ నేల ఫలసాయంలో లెక్క. అక్కడ మొలచిన చెట్టువలె అదీ భూయజమానికే చెందుతుంది. ఈ గ్రంథం 1791లో ఆంగ్లంలోకి అనువాదమై, బ్రిటిషు పాలనలో భారతదేశపు న్యాయస్థానాలలో ముస్లిం ధర్మశాస్త్రానికి ముఖ్యమైన ఆధారాలలో ఒకటిగా చెల్లుబాటయింది.

మూడవ నివాసం మనిషి కట్టినది. మట్టిగొట్టం కావచ్చు, బోలు దుంగ కావచ్చు, నేటి చెక్కపెట్టె కావచ్చు. ఇక్కడే అసలు చిక్కు. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అబూ యూసుఫ్‌ల అభిప్రాయంలో ఈగలను విడిగా విక్రయించడం చెల్లదు. ప్రయోజనం ఈగ నుండి వచ్చే తేనెలో ఉన్నది గాని ఈగలో లేదు. ఈగ కందిరీగ వంటి ఒక పురుగు. అయితే తేనె ఉన్న గూటిని అమ్మినప్పుడు అందులోని ఈగలు దానితోపాటే పోవచ్చును. వారి శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ షైబానీ (మరణం 805) దీనితో ఏకీభవించలేదు. మాంసం తినకపోయినా గాడిద, కంచరగాడిదలకు ప్రయోజనం ఉన్నది, వాటి విక్రయం చెల్లుతున్నది. తేనెటీగ కూడా అంతే, కాని ఒక షరతు — అది ‘ముహ్రజ్’ అయి ఉండాలి. ‘ఇహ్రాజ్’ అంటే పదిలపరచుకోవడం, తన కాపుదలలోనికి తెచ్చుకోవడం. తక్కిన మూడు మజ్‌హబుల వారు కూడా విక్రయం చెల్లుతుందనే అన్నారు. తరువాతి హనఫీ పండితులు సైతం ఇమామ్ ముహమ్మద్ మాటపైనే ఫత్వా ఇచ్చారు.

మరి పదిలపరచుకొన్న ఈగలే గుంపుగా లేచిపోతే? ఈ ప్రశ్నకు సూటి సమాధానం ఉస్మానియా సామ్రాజ్యంలో అహ్మద్ జవ్దత్ పాషా నాయకత్వాన 1869–1876 మధ్య క్రోడీకరించిన ‘మజల్లా’లో ఉన్నది. 1851 నిబంధనలు గల ఈ స్మృతిలో మూడు వరుస నిబంధనలు తేనెటీగలకు సంబంధించినవే. తోటలో చేరిన ఈగల తేనె తోట యజమానిది, దానిపై ఉషర్ చెల్లాలి అన్నది 1305వ నిబంధన. ఒకని గూటిలో చేరిన ఈగలు అతడు పదిలపరచుకొన్న సొత్తు అన్నది 1306వది. ఒకని గూటినుండి లేచిన గుంపు మరొకని ఇంటికి పోగా అతడు పట్టుకొంటే, మొదటి యజమాని దానిని తిరిగి కోరవచ్చును అన్నది 1307వది. టర్కీలో ఈ స్మృతి 1926 వరకు అమలులో ఉన్నది.

క్రీ.శ. 533 నాటి రోమన్ చక్రవర్తి జస్టీనియన్ శాసనంతో దీనిని పోల్చి చూడవచ్చు. దాని ప్రకారం లేచిపోయిన గుంపు కంటికి కనబడుతూ, వెంబడించడం కష్టం కానంతవరకే పాత యజమానిది; ఆ తరువాత మొదట పట్టుకొన్నవానిది. మజల్లా నిబంధనలో ఈ చూపుమేర షరతు లేదు. ఈగ రెక్కలపై వెళ్ళినంత మాత్రాన మనిషి పడిన శ్రమ గాలిలో కలిసిపోదన్నది దాని భావం.

అయితే హక్కు ఉండటం వేరు, దానిని రుజువు చేయడం వేరు. దావా వేసినవాడే సాక్ష్యం చూపాలి, నిరాకరించినవాడు ప్రమాణం చేయాలి అన్నది మజల్లా 76వ నిబంధన. పశువుకు వాత వేయవచ్చును గాని తేనెటీగకు గుర్తు ఎక్కడ పెట్టగలం? కనుక గుంపు లేచేవేళ చూచినవారే సాక్షులు. పెంపకందారుకు తన గూటిపై కన్ను లేకపోతే ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కు కాగితంపైనే మిగిలిపోతుంది.

లేచిన తరువాత వెంటపడటం కంటె లేవకుండా చూచుకోవడం మేలు. పూర్వపు మట్టిగొట్టాలలో పట్టు కోయనిదే లోపలి సంగతి పూర్తిగా తెలిసేది కాదు. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ కనిపెట్టిన, చట్రాలు పైకి తీసి చూడగల పెట్టె ఈ కష్టాన్ని తగ్గించింది. పూలకాలంలో వారం పది రోజులకొకసారి చట్రాలు పరీక్షించాలి. అడుగంచున వేరుసెనగ కాయల వలె రాణిగదులు వ్రేలాడుతూ కనబడితే గుంపు లేచే సమయం దగ్గరపడినట్లే. గూటిలో చోటు పెంచాలి; లేదా పాత రాణిని, కొన్ని చట్రాలను వేరొక పెట్టెలోకి మార్చి గూటిని రెండుగా విభజించాలి. అప్పటికీ లేచి పొరుగువాని కొమ్మపై వాలితే, ముందుగా అతని అనుమతి అడిగి, గుత్తి క్రింద బుట్ట పట్టి కొమ్మను గట్టిగా దులపాలి. రాణి బుట్టలో పడితే తక్కిన ఈగలు దాని వెంటే చేరుతాయి.

సలబా లోయ నుండి మజల్లా వరకు పన్నెండు శతాబ్దాలకు పైగా గడిచాయి. అభిప్రాయాలు మారాయి, తర్కాలు మారాయి. కాని ఆ తీర్పుల వెనుక ఒక సూత్రం నిలిచి ఉన్నది. ఈగ స్వభావసిద్ధంగా ఎవరి సొత్తూ కాదు. దానికి మార్గం చూపినవాడు అల్లాహ్. మనిషికి దక్కే హక్కు కాపుదల వల్ల వచ్చినది. ఆ కాపుదలలో గూటిని కనిపెట్టి ఉండటంతోపాటు, చెల్లవలసిన భాగాన్ని చెల్లించడం, ప్రహరీ అవతలి పొరుగువానిని నొప్పించకుండా మసలుకోవడం కూడా చేరి ఉన్నాయి.