డబ్బా మీది మాటకు విలువెంత?

రాయ్‌పూర్‌లో మా వీధిలో విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఒకటి ఉంది. వారి అబ్బాయికి సికిల్ సెల్ రక్తహీనత. ఛత్తీస్‌గఢ్‌లో ఈ జబ్బు అరుదైనదేమీ కాదు. దీనికోసమే రాయ్‌పూర్‌లో ఒక ప్రత్యేక సంస్థ కూడా ఉంది. డాక్టరు రాసిన మందుల్లో రోజూ వేసుకోవలసిన చిన్న పసుపుపచ్చ మాత్ర ఒకటి. అది ఫోలిక్ ఆసిడ్. ఒకరోజు ఆ అబ్బాయి తల్లి బజారులో కొన్న పొడి డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. రక్తం పెరగడానికి తోడ్పడుతుందని దానిమీద పెద్ద హిందీ అక్షరాల్లో ఉంది.

"ఇందులోనూ ఫోలిక్ ఆసిడే ఉందట కదా అన్నయ్యా, పైగా ఇనుము కూడా ఉందట. ఆ మాత్ర మానేసి ఇది పాలల్లో కలిపి ఇస్తే చాలదా?" అని అడిగింది.

ప్రశ్న చిన్నదే. కానీ డబ్బా మీది ఆ మాట ఏ కోవకు చెందుతుందో తేల్చడానికి ప్రపంచంలోని ప్రభుత్వాలు, న్యాయస్థానాలు, శాస్త్రజ్ఞులు నూరేళ్లకు పైగా తంటాలు పడ్డారు. ఆ కథలో మన తెలుగువాడొకరు తయారు చేయించిన పదార్థానిదే ముఖ్యపాత్ర కావడం విశేషం.

ఆకుకూర నుంచి మాత్ర దాకా

1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడి గర్భిణీ స్త్రీలలో, ముఖ్యంగా బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలో కనిపించే ఒక రకం రక్తహీనతకు కారణమేమిటో తెలుసుకోవడం ఆమె పని. మార్మైట్ అనే చవకైన ఈస్ట్ సారంతో ఆ జబ్బు నయమవుతోందని 1931లో ఆమె ప్రకటించింది. అందులో పనిచేస్తున్న పదార్థం ఏదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి ఆ పదార్థాన్ని పట్టుకున్నారు. లాటిన్‌లో ఆకును 'ఫోలియం' అంటారు. అందుకే దానికి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు.

దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన ఘనత లెడర్లీ సంస్థ పరిశోధకులది. వారికి నాయకత్వం వహించినవారు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఫలితాలు 1945లో వెలువడ్డాయి. టన్నుల కొద్దీ ఆకుకూరతో పని లేకుండా ఫోలిక్ ఆసిడ్ మాత్రలు తయారుకావడానికి దారి ఏర్పడింది.

వెంటనే ఒక చిక్కు కూడా బయటపడింది. 'పెర్నీషియస్ ఎనీమియా' అనే మరో రకం రక్తహీనత ఉన్నవారికి ఈ మందిస్తే రక్తం బాగుపడింది, కానీ నరాల జబ్బు మాత్రం ముదిరిపోతూనే ఉంది. ఆ జబ్బుకు అసలు మూలం ఫోలిక్ ఆసిడ్ కొరత కాదు. శరీరానికి విటమిన్ బి12 అందకపోవడం. ఆ విటమిన్‌ను 1948లో గాని వేరుచేయలేకపోయారు. అదే ఏడాది బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, సుబ్బారావు బృందమే అందించిన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త కేన్సర్‌ను తాత్కాలికంగానైనా అదుపు చేయవచ్చని చూపించాడు. అమినోప్టెరిన్ చేసే పని ఫోలిక్ ఆసిడ్‌ను అడ్డుకోవడం!

దీన్నిబట్టి ఏం తేలింది? 'రక్తానికి మంచిది' అన్న మాటకు దానంతట అదిగా అర్థం లేదు. ఎవరి రక్తానికి, ఏ కొరతకు అన్నది చెప్పనిదే ఆ మాట ఒకరికి మేలు, మరొకరికి కీడు కావచ్చు.

ఏది అబద్ధం?

అమెరికాలో 1906లో ఆహారం, ఔషధాల శుద్ధికి సంబంధించిన చట్టం వచ్చింది. లేబులు మీద అబద్ధాలు రాయకూడదని అది శాసించింది. అయితే కేన్సర్ నయం చేస్తానంటూ మందులు అమ్మిన ఒక వ్యాపారి కేసులో 1911లో అక్కడి సుప్రీంకోర్టు విచిత్రమైన తీర్పు ఇచ్చింది. చట్టం నిషేధించేది సీసాలో ఏముందన్న విషయంలో అబద్ధాలనే గాని, అది ఏ జబ్బును నయం చేస్తుందన్న విషయంలో అబద్ధాలను కాదన్నది ఆ తీర్పు సారాంశం. మరుసటి ఏడే చట్టాన్ని సవరించవలసి వచ్చింది. డబ్బాలో ఉన్న సరుకు వేరు, డబ్బా చేసే వాగ్దానం వేరు అన్న విభజన అలా మొదలైంది.

మన దేశంలో 1954లో వచ్చిన 'ఔషధాలు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం' మరింత సూటిగా వ్యవహరించింది. కేన్సర్, మధుమేహం, కంటిశుక్లం, స్థూలకాయం మొదలుకొని మనిషి ఎత్తు పెంచడం దాకా 54 అంశాల జాబితా ఇచ్చి, వీటిని నయం చేస్తామని ప్రకటించరాదంది. ప్రకటన అంటే ఏమిటో కూడా చెప్పింది. కరపత్రం, లేబులు, పై కాగితం, నోటిమాట మాత్రమే కాదు, వెలుతురుతోనో శబ్దంతోనో చివరకు పొగతోనో చెప్పినా అది ప్రకటనే! 1959 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ చట్టంలోని కొన్ని భాగాలను కొట్టివేసినా, అసలు ఉద్దేశాన్ని సమర్థించింది.

జబ్బు పేరెత్తితే నేరం. మరి జబ్బు పేరెత్తకుండా ఆశ పెడితే?

మాటలకు గళ్లు

ఈ ప్రశ్నకు జవాబుగానే మాటల వర్గీకరణ పుట్టింది. అమెరికాలో 1990, 1994 చట్టాలతో అది ఒక రూపానికి వచ్చింది. ఫోలిక్ ఆసిడ్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

'ఇందులో ఫోలిక్ ఆసిడ్ సమృద్ధిగా ఉంది' అంటే అది పోషక పరిమాణాన్ని గురించిన మాట. కొలిచి తేల్చవచ్చు.

'ఎర్ర రక్తకణాలు తయారు కావడానికి ఫోలిక్ ఆసిడ్ తోడ్పడుతుంది' అంటే శరీర నిర్మాణాన్ని, పనితీరును గురించిన మాట. 1994 చట్టం ప్రకారం ఇలాంటి మాటకు ముందస్తు అనుమతి అక్కరలేదు. సరుకు అమ్మకం మొదలైన 30 రోజుల్లోగా ప్రభుత్వానికి తెలియజేస్తే చాలు. ఈ మాటను ప్రభుత్వం పరిశీలించలేదనీ, ఇది జబ్బులను నయం చేయడానికి ఉద్దేశించినది కాదనీ లేబులు మీద రాయాలి.

'గర్భధారణ నాటికే తగినంత ఫోలిక్ ఆసిడ్ అందితే శిశువుకు వెన్నుపాము లోపాల ముప్పు తగ్గవచ్చు' అంటే ఆరోగ్య ప్రయోజనాన్ని గురించిన మాట. దీనికి గట్టి రుజువు, ముందస్తు అనుమతి కావాలి. ఆ రుజువు 1991లో వచ్చింది. ఏడు దేశాల్లో 33 కేంద్రాల్లో జరిగిన బ్రిటిష్ అధ్యయనంలో, అంతకుముందు అలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు ఫోలిక్ ఆసిడ్ ఇస్తే, ఆ లోపం మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గింది. అయినా అమెరికా ప్రభుత్వం ఈ మాటకు తుది నిబంధన ఖరారు చేసింది 1996లో!

1999లో కోర్టు తీర్పు ఒకటి మరో గడిని చేర్చింది. మామూలు ఆహారంలోని కొద్దిపాటి కన్నా మాత్రలోని 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆసిడ్ మెరుగన్న మాటకు అనుమతి నిరాకరించారని కొందరు కోర్టుకెక్కారు. రుజువు బలహీనమైతే ఆ సంగతే లేబులు మీద రాయించవచ్చు కదా, పూర్తిగా నోరు నొక్కడం దేనికని న్యాయమూర్తులు అడిగారు. 'షరతులతో కూడిన ఆరోగ్య ప్రయోజనం' అన్న వర్గం అలా వచ్చింది.

ఇక 'రక్తహీనతను నయం చేస్తుంది' అంటే అది ఔషధం చెప్పే మాట. ఈ గీత ఎంత సన్ననిదో చూడండి. కొలెస్టరాల్‌ను 'తగ్గిస్తుంది' అంటే జబ్బు మాట. మామూలుగా ఉన్న కొలెస్టరాల్‌ను 'అలాగే ఉంచడానికి తోడ్పడుతుంది' అంటే పనితీరు మాట. ఈ తేడా తేల్చడానికి 2000లో అమెరికా ప్రభుత్వం పది కొలబద్దలు ప్రకటించింది. కొనేవాడి చెవికి మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి.

గ్రంథాలయంలో లేబుళ్లు

1970ల చివర్లో ఆహార పదార్థాలను సంకేతాలతో వర్ణించడానికి 'లాంగువల్' అనే పద్ధతిని రూపొందించడం ప్రారంభించారు. గ్రంథాలయంలో పుస్తకాలకు అంకెలు వేసినట్టే ఇదీను. 2013లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ప్రారంభించిన లేబుళ్ల సమాచార నిధి ఈ పద్ధతినే వాడుకుంది. అందులో ఇప్పుడు రెండు లక్షలకు పైగా లేబుళ్లున్నాయి. ఒక్కొక్కదాని మీది మాటలను విడదీసి పోషకం, పనితీరు, ఆరోగ్య ప్రయోజనం, షరతులతో కూడినది, ఇతరాలు అన్న గళ్లలో వేస్తారు.

దీనివల్ల ప్రయోజనమేమిటి? మాటలను ఇలా విడదీసి చూస్తేనే లెక్కలు తేలతాయి. 2012లో అమెరికా ప్రభుత్వ తనిఖీ విభాగం బరువు తగ్గించే, రోగనిరోధక శక్తి పెంచే 127 ఉత్పత్తుల్ని ఇలాగే పరిశీలించింది. 20 శాతం లేబుళ్ల మీద నిషిద్ధమైన జబ్బు మాటలున్నాయి. 7 శాతం మీద తప్పనిసరి హెచ్చరిక లేదు. ఐరోపాలోనైతే దేశాల నుంచి సుమారు 44 వేల వాగ్దానాలు వచ్చిపడ్డాయి. ఒకేలాంటివాటిని కలిపితే 4,637 మిగిలాయి. 2012లో అనుమతి పొందిన జాబితాలో ఉన్నవి 222 మాత్రమే.

ఒక్క సంగతి మరచిపోకూడదు. ఏ గడిలో వేశారన్నది ఆ మాట నిజమో కాదో చెప్పదు. అది ఎటువంటి మాటో, దాని వెనుక ఎంత రుజువు అడగాలో మాత్రమే చెబుతుంది.

డబ్బా వెనుక

మన దేశంలో 2006 ఆహార భద్రతా చట్టంలోని 22వ విభాగం ఈ ఉత్పత్తుల్ని నిర్వచించింది. ఇవి ఫలానా జబ్బును నయం చేస్తాయని చెప్పుకోరాదంది. 2016 నిబంధనల ప్రకారం, ఇది ఔషధంగా వాడేందుకు కాదని లేబులు మీద స్పష్టంగా రాయాలి. లేబుళ్ల మీది వాగ్దానాల గురించి 2018లో విడిగా నిబంధనలు వచ్చాయి.

ఆ తల్లి తెచ్చిన డబ్బాను వెనక్కి తిప్పి చూశాను. ఆ హెచ్చరిక ఉంది, చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో. ఆమెకు వచ్చినవి తెలుగు, హిందీ.

మామూలు ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందనీ, సికిల్ సెల్ జబ్బులో 10 నుంచి 20 రోజులకే నశిస్తుందనీ ఆమెకు చెప్పాను. కొత్త కణాలు ఎడతెగకుండా తయారు కావాలి గనుక ఫోలిక్ ఆసిడ్ ఎక్కువ కావాలి, అందుకే డాక్టరు కొలిచి మాత్ర ఇచ్చాడు. ఇనుము సంగతి వేరు. తరచూ రక్తం ఎక్కించుకునేవారి ఒంట్లో ఇనుము ముందే పేరుకుపోతుంది. పరీక్ష చేయించకుండా మరింత ఇవ్వడం ప్రమాదం. ఆ అబ్బాయికి అప్పటికి రెండుసార్లు రక్తం ఎక్కించారు.

"మరి ఆ మాట ముందువైపు రాయరేం అన్నయ్యా?" అందామె.

నూరేళ్ల చరిత్రలో ఇంకా జవాబు దొరకని ప్రశ్న అదే.