రక్తనాళాల దారి మూసిన మందు, మన హైదరాబాదు

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అంటే కంప్యూటర్లే గుర్తుకొస్తాయి. మన పిల్లల్లో ఎందరో ఆ కొలువుల్లోనే ఉన్నారు. కానీ ఈ ఊరికి మందుల పేరు అంతకు ముందే వచ్చింది. 1961లో ఐ.డి.పి.ఎల్. ఏర్పడి, ఆ తర్వాత బాలానగర్‌లో కర్మాగారం లేచాక నగరం చుట్టూ మందుల కంపెనీలు ఒకటొకటిగా వెలిశాయి. ఆ చరిత్రలోని ఒక ఘట్టాన్ని సభ్యుల ముందు ఉంచుతున్నాం. దాని మొదలు మాత్రం హైదరాబాదులో లేదు, చర్మ క్యాన్సరు పరిశోధనలో ఉంది.

1960ల ఆరంభంలో జూడా ఫోక్‌మన్ అనే యువ సర్జను అమెరికా నౌకాదళంలో పనిచేస్తూ ఒక ప్రయోగం చేశారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సరును మెలనోమా అంటారు. ఎలుకల మెలనోమా కణాలను, ఒంటి నుంచి వేరుచేసి బతికించిన థైరాయిడ్ గ్రంథిలో పెట్టి చూశారు. గడ్డలు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగి ఆగిపోయాయి. చచ్చాయా అంటే, లేదు. మళ్లీ ఎలుక ఒంట్లో పెడితే కొత్త రక్తనాళాలు వాటిలోకి పాకాయి, గడ్డలు గబగబా పెరిగాయి. అంటే గడ్డ తన నాళాలను తానే రప్పించుకుంటున్నదన్నమాట! దానికి తిండి అందేది ఆ నాళాల ద్వారానే. దాని కణాలు ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకడానికీ అవే దారి. ఆ దారి మూస్తే? 1971లో ఫోక్‌మన్ ఈ మాట రాస్తే నమ్మినవారు బహు తక్కువ.

ఆయన పనిచేసిన బోస్టన్ పిల్లల ఆసుపత్రి తెలుగువారికి మరీ పరాయిది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ 1947లో రక్త క్యాన్సరు పిల్లలకు ఇచ్చి చూసింది అక్కడే.

నాళాలను పెంచే వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీనును 1989లో నెపోలియన్ ఫెరారా వేరుచేశారు. ఆ ప్రోటీను పిలుపు నాళాలకు అందకుండా చేసే మాత్రల్లో బేయర్ వారి సోరాఫెనిబ్ ఒకటి. ఇది క్యాన్సరు కణంలోని ర్యాఫ్ అనే మరో మీటనూ నొక్కిపడుతుంది. 2002లో చాలా మెలనోమాల్లో ఆ ర్యాఫ్ వర్గపు జన్యువే చెడిందని తేలేసరికి డాక్టర్లకు రెట్టింపు ఆశ కలిగింది. పాకిపోయిన మెలనోమా ఉన్న 823 మందిపై పెద్ద పరీక్ష జరిగింది. మామూలు మందులకు సోరాఫెనిబ్ కలిపినా ఆయుష్షు పెరగలేదు. ఏ వ్యాధి కోసం అంత ఆశపడ్డారో దాని దగ్గరే మందు ఓడింది.

మనవాళ్లలో మెలనోమా అరుదే. వచ్చినప్పుడు తరచు అరికాల్లోనో, అరచేతిలోనో, గోరు కిందనో వస్తుంది. చెప్పు కరిచిందనో, ముల్లు గుచ్చుకుందనో ఊరుకుంటాం. పలచగా ఉండగా కోసి తీసేస్తే చాలామందికి అంతటితో పోతుంది. కాళ్లు కడుక్కునేటప్పుడు కొత్త నల్లమచ్చో, పెరుగుతున్న మచ్చో, మానని పుండో కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. 1955లో మొదలై, నవాబ్ మెహదీ నవాజ్ జంగ్‌గారి పేరు మోస్తున్న ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లో ఉండనే ఉంది.

ఇక సోరాఫెనిబ్ మూత్రపిండం, కాలేయం క్యాన్సర్లలో పనికొచ్చింది. అమెరికాలో 2005లో మొదటిదానికి, 2007లో రెండోదానికి అనుమతి దొరికింది. నయం చేసేది కాదు, కొన్ని నెలలు నిలబెట్టేది. అయితే ఇంటి పెద్దకు ఆ కొన్ని నెలలు తక్కువేం కాదు. అప్పట్లో మన దేశంలో నెల మందు ధర 2,80,428 రూపాయలు! ఇల్లు అమ్మినా ఎన్ని నెలలు కొనగలం?

బంజారాహిల్స్‌లోని నాట్కో ఫార్మా ముందు బేయర్‌నే లైసెన్సు అడిగింది. కుదరక 2011లో పేటెంట్ల చట్టం 84వ సెక్షను కింద దరఖాస్తు పెట్టింది. 2012 మార్చి 9న కంట్రోలర్ పి.హెచ్. కురియన్ తీర్పిచ్చారు. మందు అవసరమైనవారిలో రెండు శాతానికి మించి కొందరికే అందుతోందని, ధర జనానికి అందుబాటులో లేదని తేల్చి, మనదేశంలో మొదటి తప్పనిసరి లైసెన్సు నాట్కోకు ఇచ్చారు. నెలకు ధర 8,880 రూపాయలు. బేయర్‌కు 6 శాతం రాయల్టీ. ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలని కూడా షరతు పెట్టారు. మా దృష్టిలో తీర్పు మొత్తానికి విలువైన వాక్యం ఇదే.

పరిశోధనకు డబ్బెవరు పెడతారన్న బేయర్ వాదన కొట్టిపారేయదగింది కాదు. అందుకే రాయల్టీ, 2013లో దాన్ని 7 శాతానికి పెంచారు. 2014 జూలైలో బొంబాయి హైకోర్టు లైసెన్సును సమర్థించింది. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు బేయర్ అప్పీలును తోసిపుచ్చింది. పేటెంటు గడువు 2020 దాకా ఉండగా, అప్పటి వరకూ మన ఊరి కంపెనీ ఆ మాత్రలు అమ్ముకునే హక్కు నిలబడింది.