గంగవ్వ మొహం, వీసీడీ లెక్క

మై విలేజ్ షో చూడని తెలుగోళ్లు తక్కువ. 2012లో పాత కరీంనగర్ జిల్లా లంబాడిపల్లిలో మొదలైంది. ఆ వీడియోల్లో గంగవ్వ మొహం మీద ప్రతి గీతా కనబడుతుంది. వీసీడీ రోజుల్లో అయితే కనబడేది కాదు.

ఎందుకంటే, 1993లో వచ్చిన వీసీడీ బొమ్మ 352×288. సెకనుకి 25 ఫ్రేములు. కుదించకపోతే సెకనుకి 30 మెగాబిట్లు కావాలి. డిస్కు ఇచ్చేది 1.15. అంటే 26 వంతుల్లో ఒక వంతన్నమాట!

ఎంపెగ్ కిటుకేంటంటే, ముందు ఫ్రేములో ఉన్నదాన్ని మళ్లీ రాయదు, మారిందే రాస్తుంది. టేపులో నాయిస్ మాత్రం ఫ్రేము ఫ్రేముకీ మారుతుంది. బిట్లన్నీ అదే మింగేస్తుంది, బొమ్మ గళ్లు గళ్లవుతుంది. అందుకే ముందే ఫిల్టర్ వేసి నాయిస్ తీసేయాలి. చిక్కల్లా, ఫిల్టర్‌కి నలుసుకీ ముడతకీ తేడా తెలీదు.

2003లో హెచ్.264 గళ్ల అంచులు చెరిపే ఫిల్టర్‌ని కోడెక్ లోపలే పెట్టింది. 2018 నాటి ఏవీ1 అయితే గ్రెయిన్ తీసేసి, దాని లెక్క మాత్రం పంపి, చూసేచోట మళ్లీ చల్లగలదు. కానీ చల్లేది కొత్త గ్రెయిన్, పాతది కాదు.

మీ ఇంట్లో పాత పెళ్లి క్యాసెట్ ఉందా? ఫిల్టర్ వేయని కాపీ ఒకటి దాచుకోండి. ఏది నాయిస్, ఏది నానమ్మ ముడత అన్నది మనం చెప్పాలి, కోడెక్ కాదు.